కంపెనీ ఇచ్చిన బ్యాంకాక్ టూరు

పొన్నూరు నుండి ఒక సోదరి వ్రాసిన నాలుగు పేజీల ఉత్తరం మా ముందున్నది. ఆమె భర్తకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉన్నది. ఈ ఏడాది ఒక కంపెనీ పెట్టిన టార్గెట్టును ఆయన దాటారు. దానికి బహుమానంగా నాలుగు రాత్రుల బ్యాంకాక్, పట్టాయా ప్రయాణం వచ్చింది. విమానం టికెట్టు, హోటలు, భోజనం అన్నీ కంపెనీవారివే. డీలర్లు మాత్రమే రావలెననీ, కుటుంబాలకు వీలు లేదనీ ముందే చెప్పారట. ఈ సంగతి విన్న రోజు నుండి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. "వెళ్లవద్దంటే అనుమానించినట్లు, వెళ్లమంటే నోరు మూసుకున్నట్లు" అని ఆమె వ్రాశారు. అత్తగారు మాత్రం మగవాడు నాలుగు ఊళ్లు తిరగక ఇంట్లో కూర్చుంటాడా అని ఒక్క మాటతో తేల్చివేశారట.

ఇటువంటి ఉత్తరం మాకు రావడం ఇది మొదటిసారి కాదు. గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, ఒంగోలు వైపు నుండి ఇంతకు ముందు కూడా వచ్చాయి. ఒకరి భర్తది సిమెంటు డీలర్‌షిప్, ఒకరిది రంగుల దుకాణం, మరొకరిది విత్తనాలు. ఊరు మాత్రం అందరిదీ ఒకటే, బ్యాంకాక్. అందుకని ఈ నెల మొత్తం దీనికే కేటాయిస్తున్నాము.

సోదరి అడిగిన ప్రశ్నలలో చివరిదానితో మొదలుపెడతాము: ఆ ఊరు నిజంగా అంత చెడ్డదా?

కాదు. థాయిలాండ్‌లో బౌద్ధులు అత్యధికులు, ముస్లింలు అక్కడ అతి పెద్ద అల్పసంఖ్యాక వర్గం. దేశం మొత్తం మీద ముస్లింల వ్యవహారాలకు పెద్దగా ఉండే పదవిని చులారాజమంత్రి అంటారు. పదిహేడవ శతాబ్దం తొలినాళ్లలో అయుత్థయ రాజధానికి వ్యాపారం కోసం వచ్చిన షేక్ అహ్మద్ అనే పారసీకునికి అక్కడి రాజు మొదట ఆ బాధ్యత ఇచ్చాడు. నేటికీ ఆ పదవి కొనసాగుతున్నది. బ్యాంకాక్ నడిబొడ్డున సేన్ సేప్ కాలువ ఒడ్డున బాన్ ఖ్రువా అనే చామ్ ముస్లింల పేట ఉన్నది. పట్టు నేతకు పేరుపొందిన పేట అది. మన చీరాల, మంగళగిరి మగ్గాల వీధులు చూసినవారికి ఆ సందులు కొత్తగా అనిపించవు. బంగ్ రక్ ప్రాంతంలో నది దగ్గర హారూన్ మసీదు, రాంఖమ్‌హేంగ్ రోడ్డులో ఇస్లామిక్ కేంద్రం ఉన్నాయి.

ఇంకొక విషయం చెప్పితే చాలామంది నమ్మరు. సుఖుంవిట్ రోడ్డులో రాత్రి వ్యాపారానికి ప్రపంచమంతటా పేరు మోసిన పేటను నానా అంటారు. అది ఒక ముస్లిం కుటుంబం పేరు. గుజరాత్‌లోని సూరత్ వైపు నుండి వలస వెళ్లిన ఆ వర్తక కుటుంబానికి అక్కడ విస్తారమైన భూములుండేవి. వారిలో ఒకరు మంత్రి కూడా అయ్యారు. ఆ పేరు మీద నేడు సారా దుకాణాలు, నగ్న నాట్యశాలలు వెలిశాయి. ఎదురుగా మూడవ సందులో అరబ్బుల హోటళ్లు, హలాల్ భోజనశాలలు వరుసగా ఉన్నాయి. ఒకే రోడ్డుకు అటూ ఇటూ రెండు లోకాలు. ఏ వైపునకు అడుగు వేయవలెనన్నది మాత్రం వెళ్లినవాని కాళ్ల చేతిలో ఉన్నది.

ఆ చీకటి వ్యాపారం అనాదిగా అక్కడ ఉన్న ఆచారమేమీ కాదు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైనికులకు విశ్రాంతి, వినోదం కల్పించే ఒప్పందం 1967లో కుదిరింది. జాలరుల పల్లెగా ఉన్న పట్టాయా ఆ రోజులలోనే మారిపోయింది. యుద్ధం ముగిసి సైనికులు వెళ్లిపోయారు, వ్యాపారం మిగిలింది. సైనికుల స్థానంలో టూరిస్టులు వచ్చారు. ఇప్పుడు మన గుంటూరు మిర్చియార్డు మాటలు మాట్లాడేవారు కూడా ఆ వీధులలో కనబడుతున్నారు. తేజ రకం మిరప మన దగ్గరి నుండి థాయిలాండ్‌కు పోతుంది. దాని కోసం వెళ్లే వర్తకులను మేము అనడం లేదు. సరుకు మాట్లాడుకుని, కంటైనరు లెక్క చూసుకుని తిరిగి వచ్చేవారు ఎందరో ఉన్నారు.

అక్కడ వేశ్యావృత్తి చట్టసమ్మతమని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. అది అబద్ధం. థాయిలాండ్ 1960లోనే దానిని నిషేధించింది. ఇప్పుడున్న చట్టం 1996 నాటిది. పదునెనిమిదేళ్లు నిండని వారి వద్దకు వెళ్లినవానికి, ఆమె ఒప్పుకున్నా సరే, జైలు శిక్ష ఉన్నది. వయసు పదిహేనేళ్ల లోపు అయితే శిక్ష రెండు నుండి ఆరేళ్లు. ఆమె వయసు ఎంత చెప్పిందన్నది అక్కడి కోర్టులో పెద్దగా అక్కరకు రాదు. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి ఇక్కడ కూడా విచారణ జరిపే వీలు మన శిక్షాస్మృతిలో ఉన్నది. పట్టించుకోరు, డబ్బిస్తే సరిపోతుంది అని గైడు చెప్పే మాట అతని కమీషను కోసం చెప్పే మాట.

జూదం సంగతీ అంతే. 2023 మే నెల మొదటి రోజున పట్టాయాలోని ఒక హోటలుపై అక్కడి పోలీసులు దాడి చేసి 93 మందిని పట్టుకున్నారు. వారిలో ఎనభై మందికి పైగా భారతీయులు, అందులో మన తెలుగువారు కూడా. పేకముక్కలతో, జూదపు బిళ్లలతో సహా వారి చిత్రాలు రెండు రాష్ట్రాలలోని ప్రతి ఇంటి టీవీలో కనిపించాయి. ఆ రోజు ఆ ఇళ్లలో భార్యలు, పెళ్లికెదిగిన ఆడపిల్లలు ఏ ముఖంతో వీధిలోకి వచ్చారో ఊహించవలసినదే.

ఆ వీధులలో నిలబడే ఆడపిల్లలు ఎవరు? చాలామంది ఈశాన్ అనే ఈశాన్య మెట్ట ప్రాంతం నుండి వచ్చినవారు. వర్షాధారపు వరి, తరగని అప్పు, నగరానికి వలస. తండ్రి అప్పు తీర్చడానికో, ఊళ్లో తల్లి దగ్గర వదిలి వచ్చిన బిడ్డ చదువుకో డబ్బు పంపుతుంటారు. ఈ కథ మనకు తెలియనిది కాదు. మన రాయలసీమ కరువు మండలాల నుండి పుణెకూ, ముంబైకీ తరలించబడిన ఆడపిల్లల కథ ఇదే. కొనుగోలుదారు ఊరు మారింది, అమ్ముడయిన పిల్ల ఇంటి పరిస్థితి మారలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్ నూర్ సూరా 33వ ఆయతు ప్రాపంచిక లాభం కోసం తమ చేతి క్రింది స్త్రీలను ఈ వృత్తిలోకి నెట్టేవారిని నిషేధిస్తూ, నిర్బంధానికి గురైన స్త్రీల పట్ల అల్లాహ్ క్షమాశీలి అని తెలియజేస్తుంది. నేరం ఎక్కడ ఉన్నదో, కనికరం ఎవరికి ఉన్నదో అక్కడ స్పష్టంగా ఉన్నది. మనవాళ్లు మాట్లాడేటప్పుడు దీనిని తలక్రిందులు చేస్తారు. పిల్ల చెడ్డదవుతుంది, డబ్బు ఇచ్చినవాడు సరదా మనిషి అవుతాడు.

ఇక సోదరి హక్కు విషయం. వెళ్లవద్దని భర్తకు చెప్పే హక్కు ఆమెకు ఉన్నదా? ఉన్నది. అల్ బఖరా సూరా 187వ ఆయతు భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రంగా వర్ణించింది. వస్త్రం ఒకరిది మాత్రమే మాసితే రెండవవారికి సంబంధం లేదనడానికి లేదు. అదే అన్ నూర్ సూరాలో చూపులు క్రిందికి దించుకోమన్న ఆజ్ఞ 30వ ఆయతులో మొదట పురుషులకు వచ్చింది, స్త్రీల ప్రస్తావన ఆ తరువాతి ఆయతులో. మన ఇళ్లలో బుర్ఖా గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా మగవాని చూపు గురించి జరగదు. అత్తగారితో మేము సవినయంగా ఒక మాట అడుగుతాము. అమ్మా, ఇదే టూరు మీ కోడలికి వచ్చి, భర్తలకు ప్రవేశం లేదన్నారనుకోండి. నాలుగు ఊళ్లు తిరిగి రమ్మని ఇంతే తేలికగా పంపేవారా?

అయితే సోదరికి కూడా ఒక మాట. మీ ఉత్తరం మొత్తంలో భర్త గురించి ఒక్క చెడ్డ మాట లేదు. ఇరవై ఏళ్లుగా ఫజ్ర్ నమాజు తప్పని మనిషి అని మీరే వ్రాశారు. ఆయనను నిందితుని స్థానంలో నిలబెట్టి ప్రశ్నించకండి. మీ భయం ఆయన గుణం గురించి కాదు, ఆ గుంపు గురించి. ఆ మాట అలాగే చెప్పండి. ఒంటరిగా ఉన్నపుడు మద్యం వాసన పడని మనిషి, నలభై మంది డీలర్ల మధ్య కూర్చున్నపుడు గ్లాసులో కూల్ డ్రింకు పోసుకుని నవ్వుతూ కూర్చుంటాడు. రెండవ రోజు ఎగతాళి మొదలవుతుంది. మూడవ రోజు రాత్రి అందరూ వ్యానెక్కినపుడు ఒక్కడే హోటలులో మిగిలిపోవడానికి చాలా ధైర్యం కావాలి. వ్యభిచారం దరిదాపులకు కూడా పోవద్దని బనీ ఇస్రాయీల్ సూరా 32వ ఆయతులో ఉన్నది. చేయవద్దు అనడంతో ఆగలేదు, దాపునకే పోవద్దన్నది. మనిషి సంగతి తెలిసిన ప్రభువు మాట అది.

ఇప్పుడు భర్తగారితో మాట్లాడుతాము. సోదరా, ఈ టూరు ఉచితం అని మీరు ఇంట్లో చెప్పారట. ఉచితం కాదు. దీనికి డబ్బు కట్టినవాడు వేరే ఉన్నాడు.

పొన్నూరు మాగాణిలో వరి కోసిన తరువాత మినుము వేసిన కౌలు రైతు పల్లాకు తెగులు పట్టిన కొమ్మను తుంచుకుని మీ దుకాణానికి వస్తాడు. వ్యవసాయాధికారి దగ్గరకు పోడు, మీ దగ్గరకే వస్తాడు. ఎందుకంటే మీరు అరువు ఇస్తారు. ఆ కొమ్మను చూసి మీరు ఏ డబ్బా తీసి ఇస్తారన్నదే అసలు ప్రశ్న. తెల్లదోమకు ఒక మందు చాలునని తెలిసి, టార్గెట్టుకు ఇంకా పది పెట్టెలు తక్కువ ఉన్నాయని మరో రెండు మందులు కలిపి ఇచ్చారా? రోగం వచ్చిన మొక్కలు పీకివేస్తే సరిపోయే చోట నాలుగు స్ప్రేలు చెప్పారా? ఇవ్వలేదని మీరు అనగలిగితే అల్హమ్దులిల్లాహ్. ఇచ్చి ఉంటే, ఆ విమానం టికెట్టు మీద కంపెనీ పేరు ఉన్నా డబ్బు ఆ కౌలు రైతుది. పంట వచ్చాక మీరు వసూలు చేసే బాకీలో, మీరు వేసే వడ్డీలో అది ఉన్నది. (వడ్డీ సంగతి వేరే మాట్లాడుకుందాము. అది ఇంకా పెద్ద విషయం.)

మేము పెద్దగా చేసి చెప్పడం లేదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినపుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు పురుగుల కోసం కొన్న మందునే తాగి చనిపోయారు. అప్పటి అప్పులు చాలా వరకు మందుల దుకాణాలలోనివే. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. 2021-22 సీజనులో మిరపను నల్లతామర పురుగు పట్టినపుడు రైతు ఏ మందు పేరు చెబితే అది కొట్టాడు. తోటలు పోయాయి. దుకాణాలలో సరుకు మాత్రం అమ్ముడుపోయింది.

జకాత్ వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీకు, ఇది నాకు బహుమానంగా వచ్చింది అన్నపుడు మహాప్రవక్త (సఅసం) కోపగించుకున్నారు. అతడు తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ బహుమానం వచ్చేదా అన్న భావంతో ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ వృత్తాంతం ఉన్నది. ఆ వ్యక్తి ప్రభుత్వ ఉద్యోగి, మీరు వ్యాపారి, రెండూ ఒకటి కాదు. అమ్మకానికి ముందుగా ఒప్పుకున్న ప్రతిఫలం దానంతట అది నిషిద్ధమని మేము అనడం లేదు. కానీ రైతు మిమ్మల్ని వ్యాపారిగా చూడడు, వైద్యునిగా చూస్తాడు. వైద్యుల విషయంలో మన ప్రభుత్వమే 2024 మార్చిలో మందుల కంపెనీలకు నియమావళి పెట్టింది. వైద్యులకుగాని, వారి కుటుంబాలకుగాని విదేశీ విహారాలు, హోటలు వసతి ఇవ్వరాదన్నది. రోగికి వ్రాసే చీటీ మీద ఆ విహారం నీడ పడుతుందనే కదా. మొక్కకు వ్రాసే చీటీకి ఆ న్యాయం వర్తించదా? ధార్మిక తీర్పు కోసం మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. అడిగేటప్పుడు కంపెనీ టూరు ఇచ్చింది అని మాత్రమే చెప్పకండి, టార్గెట్టు ఎలా పూర్తయిందో కూడా చెప్పండి.

ప్రభుత్వం కూడా దీనిని బహుమానమని అనుకోవడం లేదు. 2022 జూలై 1 నుండి ఆదాయపు పన్ను చట్టంలోకి 194ఆర్ సెక్షన్ వచ్చింది. వ్యాపారంలో వచ్చే ఇటువంటి ప్రయోజనం విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను ముందే మినహాయించాలి. టార్గెట్టు చేరిన డీలర్లకు ఇచ్చే విహారయాత్ర దీని క్రిందికే వస్తుంది. అంటే టూరు విలువ మీ ఆదాయంలో కలుస్తుంది. చాలామంది డీలర్లకు ఈ సంగతి ఆడిటరు చెప్పేదాకా తెలియదు. ఎలాగూ ఆదాయమే అయినపుడు, ఆ విలువను మీ ఖాతాకు క్రెడిట్ నోటుగా జమ చేయమని కంపెనీవారిని అడిగి చూడండి. ఇంటి కారణాల వలన రాలేనని చెబితే చాలు. డీలర్‌షిప్ పోతుందన్న భయం చాలా సందర్భాలలో ఉత్త భయమే. అమ్మకం చేసే దుకాణాన్ని ఏ కంపెనీ వదులుకోదు.

సోదరి అడగనిది, మేము చెప్పక తప్పనిది ఒకటున్నది. ఒకప్పుడు దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాలు కూడా లెక్కకు వచ్చాయి. ఆ కాలంలో ఆసుపత్రి వరండాలలో కూర్చున్న ఆడవారిలో చాలామందికి భర్త తప్ప మరో పురుషుడు తెలియదు. గుమ్మం దాటని ఇల్లాలికి ఆ వ్యాధి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఎవరికైనా అటువంటి తప్పు జరిగి ఉంటే, తౌబా చేసుకోవడం ఒకటి, పరీక్ష చేయించుకోవడం మరొకటి. రెండవది చేయకుండా భార్య దగ్గరకు వెళ్లడం ఆమెకు ద్రోహం. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. వ్యాధి సోకిన తొలి వారాలలో పరీక్షలో బయటపడకపోవచ్చు కనుక వారు చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి.

అన్నీ ఆలోచించుకుని వెళ్లడానికే నిర్ణయించుకుంటే, లేదా నిజమైన వ్యాపారపు పని మీద వెళ్లవలసి వస్తే, కొన్ని సంగతులు.

కార్యక్రమపు కాగితం ముందుగానే తెప్పించుకోండి. పగడపు దీవి, తోటలు, జంతు ప్రదర్శనశాల వంటివి ఉంటాయి. గాలా డిన్నరు, క్యాబరే షో, సాయంత్రం ఖాళీ సమయం అన్నవి కూడా ఉంటాయి. ఈ మూడింటికీ రానని బయలుదేరక ముందే, ఇక్కడ ఉండగానే చెప్పివేయండి. అక్కడికి వెళ్లాక చెప్పడం కష్టం. మద్యం తిరిగే బల్ల వద్ద కూర్చోవద్దని హదీసులో ఉన్నది కనుక మీ భోజనం వేరే వేళకు అడగండి. గదిని పంచుకునేవాడు ఎవరో ముందే తేల్చుకోండి. మరొక నమాజీ డీలరు దొరికితే సగం బరువు తగ్గుతుంది.

వీసా విషయానికి వస్తే, 2024 జూలైలో భారతీయులకు వీసా లేకుండానే 60 రోజుల వరకు వీలు కల్పించారు. ఈ నిబంధన మారుతూ ఉంటుంది కనుక టికెట్టు కొనే ముందు చూసుకోండి. 2025 మే 1 నుండి ప్రయాణానికి ముందు మూడు రోజులలోగా ఆన్‌లైన్‌లో ఆగమన పత్రం నింపాలి. దానికి రుసుము లేదు, డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా మోసమే. వీసా ఖర్చు లేకపోతే భార్యను సొంత ఖర్చుతో తీసుకుపోవడం మునుపటంత భారం కాదు. కంపెనీ టూరుకు కాకపోయినా, మరొకసారి ఇద్దరూ కలిసి వెళ్లండి. హైదరాబాదు నుండి విమానం మూడున్నర, నాలుగు గంటలలో చేరుతుంది. గడియారం గంటన్నర ముందుకు జరుపుకోవాలి.

సువర్ణభూమి విమానాశ్రయంలో ముస్లింలకు నమాజు గది ఉన్నది. అక్కడి నుండి నగరంలోకి వచ్చే రైలులో రాంఖమ్‌హేంగ్ స్టేషనులో దిగితే ఇస్లామిక్ కేంద్రం దగ్గర. పట్టాయాలో కూడా మసీదులున్నాయి. భోజనశాలలలో, ప్యాకెట్ల మీద అక్కడి కేంద్ర ఇస్లామిక్ మండలి ఇచ్చే హలాల్ గుర్తు చూడండి. శాకాహారమని చెప్పినా చేపల సాసు, పంది కొవ్వు కలిసే వంటకాలు చాలా ఉన్నాయి.

ఎవరి పొట్లమూ, ఎవరి పెట్టే తీసుకురావద్దు. బ్యాంకాక్ నుండి గంజాయి తెస్తూ శంషాబాద్‌లో పట్టుబడినవారి వార్తలు తరచు వస్తున్నాయి. తనకు తెలియదన్న మాట నిరూపించుకునేలోగా ఏళ్లు గడుస్తాయి. అక్కడే మంచి జీతంతో డేటా ఎంట్రీ ఉద్యోగముందని మీ తమ్మునికో, బావమరిదికో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ దారి సరిహద్దు దాటి మయన్మార్ మోసాల కేంద్రాలకు పోతుంది. 2025 మార్చిలో అక్కడి నుండి అయిదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాలలో వెనుకకు తీసుకురావలసి వచ్చింది. ఆపద వస్తే టూరిస్టు పోలీసు నంబరు 1155. భారత రాయబార కార్యాలయం సుఖుంవిట్ రోడ్డు 23వ సందులో ఉన్నది.

నమాజు గురించి సోదరి ప్రత్యేకంగా అడిగారు. పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే ఉద్దేశం కనుక హనఫీ మస్లక్ ప్రకారం జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ మామూలుగానే. స్థానిక ఇమాము వెనుక చదివితే పూర్తిగా చదవాలి. ఖిబ్లా మన పొన్నూరులో లాగానే పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. హోటలు గదిలో దిక్కు తెలియకపోతే సూర్యుడు అస్తమించే కిటికీ చూసుకోండి, సుమారుగా సరిపోతుంది.